గౌస్ బీ తరవాణి కుండ

గౌస్ బీ కుండలో కల్లు తెస్తోందన్న మాట అబద్ధం. రేపల్లెలో మా వీధి వాళ్ళందరికీ ఈ సంగతి తెలియాలి కాబట్టి ముందే రాస్తున్నాను. అసలా మాట ఎవరి నోట పుట్టిందని చాలామంది నన్నే ఆరా తీశారు. నా నోటే పుట్టింది.

ఈ వేసవి మొదట్లో ఓ గురువారం చెరుకుపల్లి నుంచి బస్సులో వస్తున్నాను. నాకు రెండు సీట్ల ముందు గౌస్ బీ కూర్చుంది. ఒళ్ళో గుడ్డ కట్టిన చిన్న కుండ. బస్సు కుదిపినప్పుడల్లా పుల్లటి కంపు గుప్పుమంటోంది. ఇంటికొచ్చాక, మా పక్కింట్లో బట్టలు కుట్టే సాయి సుధతో, "ఏంటోనే, గౌస్ బీ కుండ అచ్చం కల్లుకుండలా కొట్టింది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. సాయంత్రానికి గౌస్ బీ కల్లు తాగుతోందన్నారు. మూడో రోజుకు అమ్ముతోందన్నారు.

ఆవిడ సంగతి తెలియని వాళ్ళ కోసం నాలుగు మాటలు. పుట్టింది నగరం అనే ఊరి పక్కన పల్లెలో. పదహారో ఏట రెహమాన్‌ను చేసుకుని మా వీధికొచ్చింది. ఆయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇద్దరూ ఊరూరా తిరిగి, ఒక్కో ఇంటి వసారాలో రెండు మూడు రోజులుండి, ఆ ఇంటి పరుపులన్నీ కుట్టి వచ్చేవాళ్ళు. ఫోము పరుపులొచ్చాక ఆ పని పోయింది. ఎనిమిదేళ్ళ కిందట రెహమాన్ కూడా పోయాడు. అప్పటి నుంచి సాయంత్రం పూట వీధిలోని ఆడపిల్లలకు ఊరికే అరబీ అక్షరాలు చెబుతోంది. ఆ పిల్లలే ఆవిడకు లోకం.

పిల్లలు ఏడుగురు. కల్లు మాట పుట్టిన వారానికి నాజియా ఒక్కతే మిగిలింది. నాజియా ఆవిడ మనవరాలే, ఎక్కడికి పోతుంది? నాలుగయ్యేసరికి గౌస్ బీ ఏడుగురికి సరిపడా చాప పరిచేది. ఐదున్నరకి చుట్టేసేది. మా అరుగు మీద నుంచి అది చూస్తుంటే నాకు కాఫీ దిగేది కాదు. అయినా ఆ కుండలో ఏముందో ఊరందరినీ అడిగాను గానీ ఆవిణ్ణి అడగడానికి మొహం చెల్లలేదు.

మరో గురువారం ఆవిడ కుండ పట్టుకుని బయల్దేరగానే నేనూ చెప్పులేసుకున్నాను.

"నువ్వెక్కడికక్కా?"

"నీ వెంటే."

"పద. ఎండకి సోలిపోతే మాత్రం నేను మొయ్యలేను. నాకీ కుండే బరువు."

ఆధార్ కార్డులు చూపించి సున్నా టికెట్లు తీసుకుని కూర్చున్నాం. కుండ ఖాళీగా ఉంది. బస్సు కదిలాక గౌస్ బీయే చెప్పింది. పరుపుల పనికి వెళ్ళిన ప్రతి ఊరికీ తరవాణి కుండ వెంట తీసుకెళ్ళేదట. గంజి, నీళ్ళు కలిపి పులియబెట్టే ఆ తరవాణి మధ్యాహ్నం ఎండలో తాగితే ప్రాణం లేచొస్తుంది. పెరుగుకి తోడులాగా, పాత పులుపు కాస్త కొత్త గంజిలో కలుపుతూ పోతే కుండ ఏళ్ళ తరబడి నడుస్తుంది. అడిగిన ప్రతి ఇంటికీ ఆ తోడు పోసి వచ్చిందావిడ. మొన్న కంటి ఆపరేషన్‌కి తెనాలిలో చెల్లెలింట్లో పది రోజులుంది. ఈలోగా ఇంట్లో కుండను కోడలు షాహీనా శుభ్రం చేసింది.

"పిల్ల మంచిదే అక్కా. సబ్బుపొడి పోసి మరీ తోమింది. మట్టికుండ కదా, పీల్చుకుంది. ఇప్పుడు గంజి పోస్తే నురుగొస్తోంది."

అందుకని కొత్త కుండ కొని, తన తోడు ఎవరింట్లో బతికుందో వెతుకుతోంది. నగరంలో లేదు, కొరమీను పులుసుతో అన్నం పెట్టి పంపారు. తెనాలిలో లేదు.

"చెరుకుపల్లిలో ఇచ్చారు గానీ అది చెడిపోయిందక్కా. నువ్వు ముక్కు మూసుకున్నావు కూడా."

"నువ్వు వెనక్కి తిరగలేదుగా!"

"డ్రైవరు అద్దంలో కనపడ్డావులే."

నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

కర్లపాలెంలో దశరథరామయ్య గారింటికి వెళ్ళాం. ఆయన తరవాణి కుండలో మనీప్లాంట్ పెరుగుతోంది. "ఫ్రిజ్జు కొన్నాక ఎవరు తాగుతున్నారమ్మా? మీ ఆయన కుట్టిన పరుపు మాత్రం వదల్లేదు, ఇప్పటికీ దాని మీదే నా నిద్ర" అన్నాడాయన. ఆ ఇంటామె మా ఇద్దరికీ మినపరొట్టె పెట్టింది. అంచులు కరకరలాడుతూ, మధ్యలో దూదిలా ఉంది. చెరో సగం అని కూర్చుని చెరొకటీ తిన్నాం.

అక్కణ్ణుంచి బాపట్ల అవతల ఇసక నేలల్లో వేరుశనగ పండించే అంద్రెయ ఇంటికి. గుమ్మంలోనే కేకేశాడు: "ఏవేవ్, కుండ తల్లి వచ్చింది! పదేళ్ళకి గుర్తొచ్చామమ్మా?"

"నా పిల్ల బతికుందా, చంపేశావా?"

"చూసుకో."

వసారా మూలన, తడిగుడ్డ చుట్టిన కుండ. గౌస్ బీ మూత తీసి వాసన చూసింది. వేలు ముంచి నాలిక్కి రాసుకుంది. తర్వాత, "దబ్బాకు ఎక్కువేశావు" అంది. అంద్రెయ భార్య నవ్వి, ఎండురొయ్యలు వేసిన గోంగూరతో వేడన్నం పెట్టింది. ఆపైన ఉల్లిపాయ కొరుక్కుంటూ తలో గ్లాసు తరవాణి. గొంతులోంచి అరికాళ్ళ దాకా చల్లబడింది. నేను రెండో గ్లాసు అడిగి తాగాను. ముక్కూ మొహం తెలియని నాకు ఆ రోజు రెండిళ్ళ వాళ్ళు అంత ఆదరంగా పెట్టారు. ఎవరి వెంట వచ్చానో చూసి పెట్టారు. వాళ్ళు చల్లగా ఉండాలి.

తిరుగు బస్సులో, అంద్రెయ నిండా తరవాణి పోసిచ్చిన కుండ నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. వీధిలోకి రాగానే ఇంటింటి తలుపూ కొట్టి పిలిచాను. "ఆ కల్లు మాట అన్నది నేను, తప్పన్నాను. ఇదిగో, వచ్చి తాగి చూడండి" అన్నాను. పిల్లల్ని మొదట మాన్పించిన ఖలీల్ భార్య వాసన చూసింది, గుక్కెడు తాగింది, గ్లాసు మళ్ళీ చాపింది. గౌస్ బీ ఒక్క మాటా అనకుండా పోసింది. నన్నూ ఏమీ అనలేదు. ఆవిడ అనని ఆ మాటలకు నేను రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

మర్నాడు చాప నిండింది. ఏడుగురూ వచ్చారు.

నేనూ వెళ్ళి గౌస్ బీ అరుగు చివర కూర్చున్నాను. రాత్రంతా నన్నొక అనుమానం తొలిచేసింది మరి. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"గౌస్ బీ, గంజి కుండలో పోసి వదిలేస్తే మూడు నాలుగు రోజుల్లో దానంతటదే పులుస్తుందిగా. మా అమ్మ అట్లాగే వేసేది. నలుగురూ నానా మాటలంటున్నారని తెలిసి కూడా, తోడు కోసం ఊళ్ళన్నీ తిరగడమెందుకే?"

ఆవిడ ఒక పిల్ల వేలు పట్టుకుని సరైన అక్షరం మీద పెట్టింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"పులుస్తుందక్కా, నాకు తెలీదా ఏంటి? పరుపుల పని పోయాక ఆ ఇళ్ళకి ఏం పనుందని వెళ్ళను?"