సారు నన్ను మేడం అన్నాడు

అనంతపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రి కంప్యూటర్ గదిలో పనిచేసేదాన్ని. రెండువేల పది దగ్గరపడుతున్న కాలం అది. నా పక్క కుర్చీలో కూర్చునే ఆయన, రాయదుర్గంలో నాకు కంప్యూటర్ నేర్పిన సారు. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆయన ఈ ఉద్యోగంలో చేరి, వెనకనే నన్నూ పిలిపించాడు.

ఆస్పత్రికి ఉన్నది ఒకటే సర్వర్. దాని లోపలే మూడు వర్చువల్ మెషిన్లు, అంటే ఒకే పెట్టెలో మూడు వేరు వేరు కంప్యూటర్లున్నట్టు, నడిచేవి. ఒకదాంట్లో రోగుల వివరాల డేటాబేస్, ఇంకోదాంట్లో ఓపీ చీటీలు, మూడోదాంట్లో ల్యాబ్ రిపోర్టులు. ఏది ముందు లేవాలి, ఏది ఆగితే ఏది ఆగాలి అన్నది సారే సెట్ చేశాడు. జాగ్రత్త మనిషి. వివరాలు తారుమారవుతాయన్న భయంతో, ఏ ఒక్కటి ఆగినా మూడూ ఆగిపోయేట్టు పెట్టాడు.

ఒక సోమవారం పొద్దున ల్యాబ్ మెషిన్ మొరాయించింది. దాంతో మిగతా రెండూ ఆగాయి. యాడికి ఊరి నుంచి తొలి బస్సుకు వచ్చినవాళ్లు, చంటిపిల్లల తల్లులు చీటీ కోసం వరండా దాకా నిలబడ్డారు. సారు లేపడం, ల్యాబ్ పడిపోవడం, మళ్లీ అన్నీ ఆగడం. చివరికి ఆయనే లేచి నన్ను కూర్చోమన్నాడు. నేను ల్యాబ్‌కూ మిగతావాటికీ ఉన్న ముడి తీసేశాను. డేటాబేస్ లేచి జవాబిచ్చాకే చీటీల మెషిన్ లేచేట్టు, ల్యాబ్ పడిపోతే అదొక్కటే తిరిగి లేచేట్టు మార్చాను. కౌంటర్‌లో చీటీలు రావడం మొదలైంది.

అప్పుడొచ్చాడు మేనేజరు. తలుపు దగ్గరే నిలబడి, బయట జనం వింటుండగానే సారును అడిగాడు.

“ఏమప్పా, ఇంత చిన్న పనికి ఇంతమందిని నిలబెడితివే. ఈ పాపకు తెలిసింది నీకు తెలీలేదా?”

ఊరుకోలేక, “ఇదంతా సార్ దగ్గర నేర్చుకున్నదే సార్” అన్నాను. కాపాడదామని అన్న మాట. మేనేజరు నవ్వి, అట్లయితే గురువును మించిన శిష్యురాలివన్నమాట, రేపటినుంచి ఈ గది నువ్వే చూసుకో అన్నాడు. కౌంటర్ వాళ్లు కూడా నవ్వారు. సారు నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నేను కీబోర్డు వైపే చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఆయన లోపలికొస్తూనే “మేడం” అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. అట్లా పిలవద్దని బతిమాలాను.

“ఆఫీసులో అట్లే ఉండల్ల మా. లేకుంటే నీ మాట ఎవరూ వినరు.”

ఆ సెట్టింగు ఎట్లా చేశానో చూపమన్నాడు. స్టూలు లాగినా కూర్చోలేదు. నేను కూర్చుని చెబుతుంటే, వెనక నిలబడి పిల్లవాడిలా తలూపాడు.

ఆ తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మెషిన్లు వరసగా లేచేవి. ఎవరో ఒకరు నన్ను మెచ్చుకునేవాళ్లు. సారు ముందర మెచ్చుకుంటే, ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లిపోయేదాన్ని.

కొన్నాళ్లకు ఆయనకు హిందూపురంలో ఒక కాలేజీలో ఉద్యోగం దొరికింది. వెళ్లే రోజు మేనేజరు శాలువా తెప్పించి, కప్పమని నా చేతికిచ్చాడు. సారు పొడుగు మనిషి. నాకు అందదని, అందరూ చూస్తుండగా నా ముందర తల వంచాడు.