దూదిపోగు

లక్సెట్టిపేట దవాఖానలో నేను కాంపౌండరుగా చేరిన ఏడాది మా డాక్టరుసాబుకు ఒకటే పిచ్చి. జేబులోంచి దూదిపోగు తీసి ఎదుటివాడి ముక్కు కింద పట్టేవాడు. మధ్యాహ్నం పని తగ్గితే నన్ను బల్ల మీద పడుకోబెట్టి, తల ముందుకు వంచినప్పుడు దూది ఎంత కదిలిందో, వెనక్కి వంచినప్పుడు ఎంత కదిలిందో నోటుబుక్కులో రాసుకునేవాడు.

"గాలి ఏడ ఆగుతుందో దొరకవట్టాలె," అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు మూర్ఛపోయిన పడుచుపిల్లను ఎడ్లబండిలో తెచ్చారు. తల్లి ఆమె తలను ఒళ్లో ఎత్తిపట్టుకుని ఉంది. పిల్ల గొంతులో గురక, పెదవులు నల్లబడుతున్నాయి. డాక్టరు దూది పట్టాడు. రొమ్ము ఎగసిపడుతోంది గానీ దూది కదల్లేదు.

"అవ్వా, బిడ్డను నేల మీద పండవెట్టు."

మా దిక్కున ప్రాణం పోయేవాళ్లనే నేలకు దించుతారు.

"నా బిడ్డ ఇంకా సావలే!" అని తల్లి మరింత గట్టిగా అదుముకుంది. బండి తోలుకొచ్చిన పిల్ల మేనమామ ముల్లుకర్ర ఎత్తాడు. డాక్టరు అటు చూడనైనా లేదు. పిల్లను ఒడిలోంచి లాగి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, నుదురు వెనక్కి నొక్కి గడ్డం పైకెత్తాడు.

దూది కదిలింది. కర్ర కిందికి దిగింది.

"ఇగ నువ్వే చూసుకో," అని దూదిపోగు తల్లి చేతికిచ్చాడు.

మర్నాడు పిల్ల లేచి గంజి తాగింది. బండెక్కి నిద్రపోయింది. తల్లి మాత్రం ఆ దూదిని ఆమె ముక్కు దగ్గరే పట్టుకుని కూర్చుంది, దారిలో బయటి గాలి దూదికి తగలకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టి.