క్రేన్ గద్ద

మా తమ్ముణ్ణి పనిలో అందరూ గద్ద అనేవారు. కట్టే మేడ ఎంత ఎత్తుంటే దానికి మించిన ఎత్తులో, క్రేన్ గదిలో ఒక్కడే కూర్చునేవాడు. ఇనుప చువ్వల కట్టను గుడ్డు దించినంత మెల్లగా దించేవాడు. వాణ్ణి ఆ పనిలో పెట్టింది నేనే. అయిదో తరగతి దాకా ఊరి బడిలో చదివి, తాపీ పట్టి మేస్త్రినై, మూడు వంతెనలు, రెండు బడులు, పద్నాలుగు అంతస్తుల మేడ ఒకటి కట్టించినవాణ్ణి. నా చేతికింద వందల మంది పనిచేశారు. వాడిలాంటి చెయ్యి ఇంకొకటి చూడలేదు. తమ్ముడని చెప్పే మాట కాదు.

నలభయ్యో ఏట వాడు మాటిమాటికీ కిందికి దిగడం మొదలుపెట్టాడు. రెండు వందల పది మెట్ల నిచ్చెన. దిగి, మరుగుదొడ్డికి పోయి, మళ్లీ ఎక్కేవాడు. ఈలోగా కింద పని ఆగిపోయేది.

"గద్దకి రెక్కలు నొప్పెట్టినట్టున్నాయి మేస్త్రీ" అని కూలీలు నవ్వేవారు.

నాకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ నిలదీశాను.

"ఏరా, ఎక్కడం దిగడమేనా నీ పని? మధ్యాహ్నం భోజనాల వేళ లోపల మళ్లీ దిగావంటే అట్నుంచటే ఇంటికి పో."

"సరే అన్నయ్యా" అన్నాడు. అంతే.

మర్నాటి నుంచి దిగలేదు. నా మాటకు అంత విలువుందని పొంగిపోయాను. దిగకుండా ఉండేందుకు ముందు రోజు మధ్యాహ్నం నుంచే తిండి మానేస్తున్నాడని మా మరదలు ఏడుస్తూ చెప్పేసరికి ఎనిమిది నెలలైంది. విరేచనంలో రక్తం పడుతోందని ఆమెకూ అప్పుడే తెలిసిందట.

పేగుల డాక్టరు గొట్టం వేసి చూసి, పెద్దపేగు నిండా పుండ్లన్నాడు. మందులతో కాస్త నిమ్మళించింది. హమ్మయ్య అనుకునేలోగా కాళ్లు వాచాయి, మూత్రం సబ్బునీళ్లలా నురగ కట్టింది. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. కిడ్నీల డాక్టరమ్మ నాకు తెలిసే మాటల్లో చెప్పింది.

"క్రిముల్ని చంపడానికి రక్తంలో కొన్ని ప్రొటీన్లు కాపలా ఉంటాయి పెద్దాయనా. మీ తమ్ముడి ఒంట్లో వాటికి ఆగడం తెలియట్లేదు. పోయి కిడ్నీ జల్లెడలో పేరుకుని దాన్ని పాడుచేస్తున్నాయి. లక్షల్లో ఏ ఒక్కరికో వస్తుంది. పేగు జబ్బుతో కలిసి రావడం నేనిదే చూడటం."

"వాడు కడుపు మాడ్చుకోవడం వల్ల వచ్చిందామ్మా?"

"కాదు."

ఆ మాట ఆమె చేత మూడుసార్లు చెప్పించుకున్నాను. మూడుసార్లూ నమ్మలేదు.

రెండేళ్లలో డయాలసిస్ దాకా వచ్చింది. వారానికి మూడు రోజులు. ఒక డాక్టరు తినమన్నది ఇంకొకరు వద్దంటారు. మరదలు రెండు కాగితాలూ వంటింటి గోడకు అంటించి, రెంటికీ పడేది ఏముందా అని వెతుక్కుంటుంది.

నా కిడ్నీ ఇస్తానన్నాను. యాభై ఎనిమిదేళ్లొచ్చినా బీపీ లేదు, షుగర్ లేదు, సిమెంటు బస్తా ఇప్పటికీ ఒక్కణ్ణే ఎత్తుతాను. అన్ని పరీక్షలూ చేశారు. సరిపోయింది. ఆ కాగితం పట్టుకుని వీధి వీధంతా చెప్పుకున్నాను.

డాక్టరమ్మ ఆ కాగితం చదివి పక్కన పెట్టింది.

"మీ కిడ్నీ బంగారం లాంటిది. కానీ జబ్బు మూలం రక్తంలో ఉంది. ఇప్పుడు పెడితే దీన్నీ తినేస్తుంది. ఆపే మందు వాడి చూశాం, ఆగలేదు. నెమ్మదించాక చూద్దాం."

"అయితే రెండోది కూడా తీసుకోండి."

ఆమె నవ్వలేదు. "ఇంటికెళ్లండి పెద్దాయనా" అంది.

ఇంటికి పోలేదు, డయాలసిస్ గదికి పోయాను. వాడు నా ముఖం చూశాడు.

"నీ సరుకు వెనక్కి పంపేశారా అన్నయ్యా?"

"నాసిరకమని కాదురా. నంబర్ వన్ అంది."

"నువ్వు కట్టిన వంతెన ఒక్కటీ కూలలేదని చెప్పలేదా ఆవిడకి?"

"చెప్పాను."

వాడు నవ్వబోయి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి నోరెండిపోతోందన్నాడు. బల్ల మీది గ్లాసులో అడుగున కొన్ని నీళ్లున్నాయి, ఒంట్లో నీరు చేరకుండా ఆ పూటకు కొలిచి ఇచ్చినవి. తాగించాను.

"ఇంకొక్క గుక్క" అన్నాడు.

నర్సు వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కిడ్నీ ఇవ్వడానికి వచ్చినవాణ్ణి, ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

"కూర్చో అన్నయ్యా. ఇంకా మూడు గంటలు పడుతుంది" అన్నాడు వాడే.

కూర్చున్నాను.