ఊరికే పోయినా

ఇట్లా నా పక్కకు జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే ఉండనీండి, చిక్కుడుకాయలు గిల్లుకుంటూ కూడా వినొచ్చు. నేను చెప్పబోయేది మా తోటికోడలు స్కూటీ తోలిన సంగతి. అదేమంత విశేషమని మొహం తిప్పుకోకండి. ఆ సంగతిని తిరుపతి యూనివర్సిటీలో పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు ముందర పెట్టుకుని, ఒక్కొక్క మాటా పట్టుకుని వాదించుకున్నారు! తలుచుకుంటే ఇప్పటికీ నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాదు.

మాది వడమాలపేట పక్కన పల్లె. మా చెల్లెలి కూతురు తిరుపతిలో సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. హాస్టల్లో ఉంటుంది కానీ రెండు రోజులు సెలవు దొరికితే చాలు, బస్సెక్కి మా ఇంటికి వచ్చేస్తుంది. ఆ రోజు మాత్రం వచ్చీరాగానే సంచి ఒక మూల పడేసి, సంగటి కూడా తినకుండా గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఏంది పాపా, ఎవురన్నా ఏమన్నా అన్నారా?" అని అడిగాను.

"మా మేడం అనింది పెద్దమ్మా. నా పని అంతా తిరగా చెయ్యాల."

అప్పుడు చెప్పించుకున్నాను తను చేసే పని ఏమిటో. దాని పేరు ఇంటర్‌ప్రిటేటివ్ ఫినామినలాజికల్ ఎనాలిసిస్. ఆ పేరు పూర్తయ్యేసరికి రేణిగుంటలో గూడ్సు బండి దాటిపోయినంత సేపు పట్టింది. ముద్దుగా ఐపీఏ అంటారట. వసారాలో పడుకున్న మా ఆయన లేచి కూర్చున్నాడు.

"ఐపీఎస్సా? పోలీసు ఉద్యోగమా పాపా?"

"కాదు పెదనాయనా, ఐపీఏ. మనుషులను కూర్చోబెట్టి అడిగేది."

"పోలీసోళ్ళు చేసేదీ అదే కదా," అని మళ్ళీ పడుకున్నాడు.

పిల్ల నవ్వింది. నవ్వి నాకు విడమరిచి చెప్పింది. వందల మందిని అడగనక్కర్లేదట. కొద్దిమంది చాలు, కానీ ఒక్కొక్కరి దగ్గరా తీరుబడిగా కూర్చోవాలి. "వాళ్ళకు ఏం జరిగిందనేది ఒక్కటే చాలదు పెద్దమ్మా. అది జరిగేటప్పుడు వాళ్ళకు ఎట్లుండింది, దాన్ని వాళ్ళు ఏమని అనుకున్నారు, అది కావాల. మల్ల వాళ్ళు అనుకున్నదాన్ని నేను ఎట్ల అర్థం చేసుకున్నానో అది రాయాల." తను ఎంచుకున్నది నలభై దాటాక స్కూటీ నేర్చుకున్న ఆడవాళ్ళను. తిరుపతిలో లాడ్జిలో పనిచేసే ఆమెను, ఇంకా ఒకరిద్దరిని అడిగి, మాట్లాడిందంతా ఫోన్‌లో రికార్డు చేసి, విని విని టైపు చేసి మేడం దగ్గరికి తీసుకుపోయింది. మేడం చదివి పక్కన పెట్టిందట.

"అందరూ 'మేము' అంటా ఉండారు అనింది పెద్దమ్మా. 'మాకు భయమేసింది, మేము నేర్చుకున్నాము, మాకేముంది, అందరి మాదిరే.' ఇది ఊరందరి మాట, దీంట్లో ఒక్క మనిషి యాడుంది అని అడిగింది. ఎల్లుండే నా పని చూసేదానికి కమిటీ ఉండాది. ఆ లోపల ఒక్కరిదన్నా నిజమైన అనుభవం తేకపోతే ఈ పద్ధతే వదిలేసి టిక్కులు పెట్టించుకునే కాగితాలు పంచమంటారు. ఇంత దూరం వచ్చి, మల్ల మొదటి నుంచి!" అంటూ సంచిలోంచి కాగితాల కట్ట తీసి నా ముందర పడేసింది.

నాకైతే ఒళ్ళంతా ఉత్సాహం పొంగుకొచ్చింది. దానికి కావాల్సిన మనిషి మా ఇంటి వెనకే ఉంది కదా! మా తోటికోడలు. మా మరిది దగ్గర స్కూటీ నేర్చుకుంటూ కాలవ గట్టు మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఆకు పసరు వాసనతో ఆ కట్టు కట్టుకునే పాలు పిండిందంటే చూడండి దాని మొండితనం. కట్టు విప్పాక మా మరిది ఇంక బండి జోలికి పోవద్దన్నాడు. అయినా ఇవాళ మా పల్లెలో పాలక్యాను బండి మీద పెట్టుకుని డెయిరీకి పోయే ఆడది అదొక్కతే.

"పాపా, నీ మనిషి దొరికింది, లే, సంగటి తిను," అన్నాను.

సాయంత్రం తోటికోడలు వచ్చి మా వసారాలో కూర్చుంది. పిల్ల పద్ధతిగా అన్నీ చెప్పింది. పేరు మార్చి రాస్తానంది. ఇష్టం లేని మాటకు జవాబు చెప్పనక్కర్లేదంది.

"పేరు మారిస్తే మార్చు గానీ, ముసలి పేరు పెట్టబాక," అంది తోటికోడలు.

ఫోను నొక్కి మధ్యలో పెట్టింది పిల్ల. "పిన్నీ, నువ్వు మొదటిసారి ఒక్కదానివే బండి మీద పోయినప్పుడు నీకు ఎట్లుండింది?"

"దానికేం, దడదడలాడిపోయింటాది!" అన్నాను నేను.

"బండికి దడ, దీనికి కాదు," అన్నాడు మా ఆయన.

"గమ్మున ఉండు నువ్వు. అది పడిన రోజు నేను కదా నీళ్ళు తాగించింది. ఆ పొద్దు ఏమయిందంటే పాపా..." అని మొదలుపెట్టాను. మా ఆయన అడ్డం వచ్చి అది కాలవ కాదు, కాలవ పక్క గుంత అన్నాడు. కాలవా గుంతా అని మేమిద్దరం తేల్చుకునేసరికి దీపాలు పెట్టే వేళయింది. మధ్య మధ్యలో తోటికోడలు "మాకేముండాది పాపా, అందరి మాదిరే," అంటూ గోరింటాకు చేతులు చూసుకుంటూ కూర్చుంది.

ఆమె వెళ్ళాక పిల్ల ఆ రికార్డింగు పెట్టింది. విన్నంతసేపూ నా గొంతే! పిల్ల ఏడవాలో నవ్వాలో తెలియక తలపట్టుకుంది. "పెద్దమ్మా, ఇది పిన్ని ఇంటర్వ్యూ కాదు, నీదీ పెదనాయనదీ." మా ఇళ్ళల్లో అంతే కదా. ఒకరిని అడిగితే ఇల్లంతా బదులు పలుకుతుంది. ఎవరిని అడిగారో ఆ మనిషికి తప్ప అందరికీ జవాబు తెలుసు.

రెండో రోజు పిల్ల గట్టి ఏర్పాటు చేసింది. మామిడి తోటలో మోటారు షెడ్డు దగ్గరికి తోటికోడలిని ఒక్కదాన్నే తీసుకుపోయింది. నన్ను రావద్దని కచ్చితంగా చెప్పింది. నేను అలసంద వడలు చేస్తూ ఇంట్లోనే ఉన్నాను. కానీ వంటింటి కిటికీలోంచి షెడ్డు కనిపిస్తే నా తప్పా? మొదట తోటికోడలు ముడుచుకుని కూర్చుంది. పిల్ల అడిగి ఊరుకుంది. ఎంతకూ మళ్ళీ నోరు తెరవదు! ఊరుకుని అట్లాగే కూర్చుంది. నేనైతే ఆ పాటికి ఇరవై మాటలు అందించి ఉందును. చూస్తుండగానే తోటికోడలు నిటారుగా లేచి కూర్చుంది. రెండు చేతులూ ముందుకు చాపి, గాలిలో బండి హ్యాండిలు పట్టుకుని తిప్పింది. ముందుకు వంగింది. నవ్వింది. బాణలిలో వడలు నల్లబడుతున్నా నేను కిటికీ వదల్లేదు.

ఆ మధ్యాహ్నం పిల్ల టైపు చేయడానికి కూర్చుంది. దగ్గర్లో ట్రాక్టరు తిరిగిందేమో, కొన్ని మాటలు సరిగా వినిపించడం లేదు. పెద్దమ్మ వినొచ్చా అని తోటికోడలిని అడిగి ఒప్పుకుంటేనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "అక్క వినకపోతే అక్కకు నిద్ర పడతాదా? విననీ," అందట ఆమె.

విన్నాం. మా మరిది చిత్తూరులో పెళ్ళికి పోయిన రోజు సంగతి అది. పాలు విరిగిపోతాయని ఆమే క్యాను పెట్టుకుని బండి తీసిందట. మొదట్లో అంతా "మేము, మాకు" అనే సాగింది. డెయిరీలో పాలు పోశాక మాట మారింది. నేను ఒక్క అక్షరం కూడా మరిచిపోలేదు, అట్లాగే చెబుతాను.

"పాలు పోసేసినా పాపా. కాలీ క్యాను కాళ్ళకాడ పెట్టుకున్నా. బండిని ఇంటికి తిప్పల్ల గదా. తిప్పలా. పుత్తూరు దోవ పట్టినా. నేను ఊరికే పోయినా. ఎవురికీ సెప్పలా. లారీవాడు ఎనకాల హారను కొట్టినాడు. ముందయితే దిగి పక్కన నిలబడేదాన్ని. ఆ పొద్దు నేనూ కొట్టినా హారను! కొంగు పటపటా కొట్టుకుంటా ఉండాది. అప్పుడు తట్టింది నాకు, ఈ బండి తోలేది ఎవురు? నేనే గదా!"

"పెద్దమ్మా, 'నేను' అనింది!" అని పిల్ల నా భుజం పట్టుకుని ఊపేసింది. "విన్యావా? నేను, నేను, నేనే!" ఇద్దరం చిన్నపిల్లల్లాగా మళ్ళీ మళ్ళీ పెట్టుకుని విన్నాం.

ఆ తర్వాత పిల్ల ఒక్కొక్క మాట పక్కనా రంగు పెన్నుతో తనకు తోచింది రాసుకుంటూ పోయింది. "నేను ఊరికే పోయినా" అనే మాట దగ్గర ఆగింది. "ఏ ఊరికి పెద్దమ్మా?"

నేను తడుముకోలేదు. "ఏ ఊరికేంది? పెళ్ళయినదానికి ఊరంటే పుట్టిన ఊరే. పుత్తూరు అవతలే కదా వాళ్ళ అమ్మగారిల్లు. ఆ రోజుల్లో వాళ్ళమ్మకు ఒంట్లో బాగలేదు కూడా. మా మరిది పంపించేది లేదన్నాడు. అందుకే ఎవురికీ సెప్పకుండా పోయింది పాపం!" అని చెబుతూ చెబుతూ నాకే కళ్ళు తడిసిపోయాయి. పిల్ల కూడా కళ్ళు తుడుచుకుని, పైన పెద్ద అక్షరాలతో "పుట్టింటి దోవ" అని రాసింది. ఆ మాట కిందే మిగతా అంతా అల్లుకుపోయింది. మర్నాడు మధ్యాహ్నమే కమిటీ.

పొద్దున లేచేసరికి పిల్ల మొహం వేరేగా ఉంది. "పెద్దమ్మా, మన కథ వాళ్ళ నోట్లో పెట్టగూడదని మా మేడం అంటాది. నిన్న ఏడిసింది మనం. పిన్ని గొంతులో ఏడుపు లేదు. ఒక్కసారి పోయి అడుగుదామా?"

బస్సుకు ఇంకా వేళ ఉంది. పరుగున పోయాం. తోటికోడలు పెరట్లో క్యాన్లు తోముతోంది. పిల్ల అడిగింది. "పిన్నీ, ఆ పొద్దు మీ అమ్మోళ్ళ ఊరికే పోయినావు కదా?"

తోటికోడలు తోమడం ఆపింది. "మా అమ్మోళ్ళ ఊరికా? ఎవురు సెప్పినారు?"

"నువ్వే చెప్పినావు. 'నేను ఊరికే పోయినా' అని."

ఆమె ఒక్క క్షణం చూసి, చేతిలోని పీచు పడేసి, పడీ పడీ నవ్వింది. "ఊరికి కాదు పాపా! ఊరికే!"

"అదే, ఊరికే..."

"ఊరికే అంటే ఊరికేనమ్మా! పనీ పాటా లేకుండా!"

"మల్ల మీ అమ్మకాడికి..." అన్నాను నేను.

"అమ్మకాడికి పోతే అది పనే గదా అక్కా!" అంది. నవ్వు ఆపుకుని, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ, నెమ్మదిగా చెప్పింది. "నాకు పెండ్లి అయినకాడ్నించి యాడికన్నా ఊరికే పోయినానా? సెప్పు నువ్వే. పాలకు పోయినా, రేషనుకు పోయినా. ఆస్పత్రికి పోయినా. కొండకు పోయినా మొక్కు ఉంటేనే. కాలు బయట పెడితే యాడికి అని అడగతారు, సెప్పల్ల. ఆ పొద్దు ఎవురన్నా అడిగింటే నాకాడ జవాబు లేదు. అదే నాకు బాగుండింది. పెట్రోలు ముల్లు కిందికి దిగినంక తిప్పుకోనొచ్చినా."

నేను కింద పడిన పీచు తీసుకుని, తోమిన క్యానునే మళ్ళీ తోమాను. మా ఆయన ఉంటే దాన్నే విశేషంగా చెప్పుకునేవాడు. పిల్ల అక్కడే బోర్లించిన క్యాను మీద కూలబడి, "పుట్టింటి దోవ" కొట్టేసి, దాని పక్కన "ఊరికే" అని రాసింది.

"నిన్న రాసింది చించెయ్ పాపా, సిగ్గుగా ఉండాది," అన్నాను.

"చించను పెద్దమ్మా. మనం ఎట్ల తప్పుగా అనుకున్నామో అదీ రాస్తా. మన ఇండ్లల్లో ఆడమనిషి ఊరికే పోయిందంటే మనకే నమ్మబుద్ధి కాలేదు, సూడు. పోతే పుట్టింటికే పోయింటాదని అనుకున్నాము. అది కూడా దీంట్లో భాగమే."

తోటికోడలు బండి తీసి, పిల్లను వెనక ఎక్కించుకుని, బస్సు స్టాపు దాకా దించి వచ్చింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. టిక్కుల కాగితాలే కళ్ళ ముందు ఆడాయి. పొద్దు వాలేటప్పుడు ఫోను మోగింది. వెనక బస్సుల హారన్లు, కండక్టర్ల అరుపులు. వాటన్నిటి మీదా మా పిల్ల గొంతు.

"పెద్దమ్మా, ఒప్పుకున్నారు! ఇదే పద్ధతి, ఇదే పని, మార్చేది లేదు! 'ఊరికే' అనేకాడికి వచ్చేసరికి ఒక సారు ఊరికి అనే అర్థమే అన్నాడు, ఇంకొక సారు కాదన్నాడు. వాళ్ళల్లో వాళ్ళకే వాదం! మా మేడం నవ్వి, 'ఇదిగో, మనిషి దొరికింది' అనింది. తిరుపతిలో వాళ్ళకాడికి మల్లా పోతా. ఈసారి అడిగి గమ్మున కూర్చుంటా."

నేను ఫోను పట్టుకునే పెరట్లోకి పరిగెత్తి తోటికోడలికి చెప్పాను. ఆమె పాలు పిండుతూ తల కూడా ఎత్తలేదు. "ఆ సార్లను ఒకసారి బండి తోలి సూడమను, వాదం ఉండదు," అంది. కానీ చెంబులో పడే పాలధార చప్పుడు ఒక్కసారి తప్పింది. తల గేదె పొట్టకు ఆనించి ఆమె నవ్వుకోవడం నాకు కనిపించింది.

"నన్ను కూడా అడగవే పాపా," అన్నాను ఫోన్‌లో.

"ముందు నువ్వు బండి నేర్చుకో పెద్దమ్మా!"

ఇంతసేపు నా మాట విన్నారు, మీకు పుణ్యం ఉంటుంది. మీ ఇంట పొయ్యి చల్లారకుండా, పాడి తగ్గకుండా, పిల్లాజెల్లా కళకళలాడుతూ ఉండాలి. "నీకు ఎట్లుండింది?" అని అడిగేవాళ్ళు మీ ఇంట్లో పుట్టాలి. అడిగి, మీరు నోరు విప్పేదాకా ఓపిగ్గా కూర్చునే మనసు వాళ్ళకు దేవుడు ఇవ్వాలి.