లెన్స్ దొరకని కోటు

చర్రు... చర్రు... టప్. మళ్ళీ చర్రు.

గంగ మీది గాలిలో ముందు ఆ చప్పుడు వినిపించేది. జిప్పు తెరుచుకున్నది, జిప్పు మూసుకున్నది, గుండీ నొక్కుకున్నది. ఆ తర్వాతే బటేశ్వర్ ఘాట్ మెట్ల మలుపులో హరాధన్ సాంత్రా కనిపించేవాడు. నిజానికి కనిపించేది ఆయన కోటు. దానికి పైన ఒక బట్టతల, కింద రెండు చెప్పులు, మధ్యలో ఒళ్ళంతా జేబులు. ఎన్ని జేబులో కుట్టిన దర్జీకి తెలిసుండాలి, ఆ దర్జీ ఈ ఘాట్ మీదుగానే వెళ్ళిపోయి చాలాకాలమైంది.

లోకంలో ఫోటోగ్రాఫర్లు సామాను పెట్టుకోవడానికి జేబుల కోటు తొడుక్కుంటారు. హరాధన్ సామాను పోగొట్టుకోవడానికి తొడుక్కునేవాడు. మెడలో కెమెరా వేలాడుతుండేది, లెన్స్ మాత్రం ఏదో ఒక జేబులో ఉండేది. ఆ 'ఏదో ఒక' దగ్గరే కథంతా.

కలకత్తాలో ఆ శ్మశాన ఘాట్‌కి శవాన్ని తెచ్చినవాళ్ళు, దాన్ని కరెంటు కొలిమిలోకి పంపేముందు ఒక ఫోటో తీయించుకుంటారు. మధ్యలో పాడె మీద పోయిన మనిషి, నుదుట చందనం చుక్కలు, తల దగ్గర రజనీగంధ కాడలు, చుట్టూ ఇంటిల్లిపాదీ. నల్లగుడ్డ కప్పుకుని ఫోటోలు తీసే కాలం నుంచీ అక్కడొక మర్యాద ఉంది. ఫోటో పూర్తయ్యేదాకా పాడె మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. వంతు పిలిచినా సరే, కొలిమివాళ్ళు కూడా చేతులు కట్టుకుని నిలబడతారు.

అందరూ నిలబడ్డాక, అందరూ ఏడుపు ఆపుకుని కెమెరా వైపు చూశాక, హరాధన్ గుండె మీద చెయ్యి వేసుకుని "అరె, లెన్స్!" అనేవాడు.

ఇక మొదలు. చర్రుమని ఒక జేబు. అందులోంచి సగం కొరికిన జామకాయ. ఇంకో జేబు, గోళ్ళ కత్తెర. ఇంకోటి, సోంపు పొట్లం, గాజుల్లేని కళ్ళజోడు, ఎవరిదో తాళంచెవి, పోయిన దసరా పూజల నాటి నలిగిన ప్రసాదం.

"ఇది కాదు... ఇది అసలే కాదు... ఓహో, ఇది ఇక్కడుందా! మా ఆవిడ దీనికోసం నెల్లాళ్ళుగా నన్ను తిడుతోంది."

ఒకసారి జనపనార వ్యాపారి ఒకాయన్ని తెచ్చారు. పెద్ద కుటుంబం, పెద్ద పూలదండలు. హరాధన్ వెతుకుతూనే ఉన్నాడు. పెద్దకొడుకు పళ్ళు కొరుకుతూ, "మా నాన్న బతికుండగా మంత్రుల కోసం కూడా ఇంతసేపు ఎదురుచూడలేదు," అన్నాడు.

"ఇప్పుడాయనకి తీరికే కదా బాబూ," అన్నాడు హరాధన్, జేబులోంచి దోసకాయ ముక్క తీస్తూ.

పాడె పక్కన కూర్చున్న ముసలావిడ, పొద్దుటినుంచి రాయిలా ఉన్నావిడ, ఫక్కున నవ్వింది. నవ్వి, ఆ నవ్వులోంచే గొల్లుమంది. అప్పటికి ఆమెకు ఏడుపొచ్చింది.

ఈ కోటంటే పరిమళ్ కుండుకి ఒళ్ళుమంట. ఘాట్ ఫోటోగ్రాఫర్ల సంఘానికి అతను కార్యదర్శి. తెల్లచొక్కా, నల్లసంచి. సంచిలో ప్రతి వస్తువుకీ ఒక గూడు, ప్రతి గూటికీ ఒక మూత. చెయ్యి పెడితే లెన్స్, చెయ్యి తీస్తే ఫోటో. అతని ముందు నిలబడ్డ కుటుంబం కన్నీళ్ళు ఆరకముందే పని పూర్తయ్యేది.

మాలతీ మాసీ టీ కొట్టు దగ్గర వాళ్ళిద్దరికీ రోజూ ఇదే తగువు.

"హరాధన్‌దా, ఇది శ్మశానమా, చేపల వేటా? గాలం ఒక్కటే తక్కువ నీకు."

"సంచి కింద పెట్టాలిరా పరిమళ్. ఈ నేల మీద ఏది కింద పెట్టినా జనం దణ్ణం పెడతారు. మొన్న నీ సంచికి ఎవరో అగరొత్తులు గుచ్చి, పేలాలు చల్లి పోలేదూ?"

"పొరపాటున చల్లారు!"

"దండ కూడా వేశారుగా," అంది మాలతీ మాసీ టీ వడకడుతూ. "ఇంకాసేపుంటే నలుగురూ కలిసి ఎత్తుకుపోయేవాళ్ళే."

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. పరిమళ్ నవ్వలేదు. వరసలో వెనకున్న కుటుంబాల నుంచి అతనికి ఫిర్యాదులు వస్తున్నాయి. ఆ కోటాయన వల్ల ఆలస్యమవుతోందని, చావు దగ్గర ఈ తమాషా ఏమిటని. చివరికి సంఘం కూర్చుని తీర్మానించింది. ఘాట్‌లో ఫోటోగ్రాఫర్లు ఇకమీదట తెల్లచొక్కా వేసుకోవాలి, సామాను సంచిలో పెట్టుకోవాలి, జేబుల కోటు పనికిరాదు. ఒకరి కోసం ఇంకొకరిని ఆపకూడదు. పరిమళే స్వయంగా నోటీసు రాసి హరాధన్ చేతికిచ్చాడు.

హరాధన్ భక్తిగా కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు కోటుతోనే వచ్చాడు.

"నోటీసు చదివావా?"

"చదవాలనే ఉంది. ఏ జేబులో పెట్టానో దొరకడం లేదు. దొరకనీ, అక్షరం పొల్లుపోకుండా పాటిస్తాను."

వాన మబ్బులు వచ్చాయి. గంగ రంగు టీ రంగుకు తిరిగింది. నోటీసు దొరకలేదు. పరిమళ్ ఓపిక అయిపోయింది. ఒక శనివారం అందరి ముందూ, "సోమవారం నుంచి కోటైనా ఉండాలి, ఈ ఘాట్‌లో నువ్వైనా ఉండాలి. రెండూ కుదరవు," అన్నాడు.

హరాధన్ జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు, కానీ దేన్నీ వెతకలేదు.

"ఇది లేకుండా నేను ఫోటో తీయలేనురా," అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకుందని ఆరోజే తెలిసింది.

ఆదివారం తెల్లవారుతుండగా పరిమళ్ తండ్రి పోయాడు.

వారంగా మంచంలో ఉన్న మనిషి, శుక్రవారం లేచి కూర్చుని జావ తాగాడు. అది చూసే అక్క ఛాయ గండం గడిచిందనుకుని కృష్ణనగర్ తిరిగి వెళ్ళింది. ఫోను వినగానే మొదటి రైలెక్కింది. రాత్రంతా కురిసిన వానకు పట్టాలు మునిగి, ఆ రైలు సియాల్దా స్టేషను బయట ఆగిపోయింది. "తమ్ముడూ, నాన్న ముఖం ఒక్కసారి చూడనివ్వు. నేను వచ్చేదాకా ఆపు," అని ఫోన్లో ఏడ్చింది.

ఆపడం అతని చేతిలో లేదు. రెండు కొలిముల్లో ఒకటి పాడైంది. వంతు తప్పితే వరస చివరికి పోవాలి, అంటే మర్నాడు. మేనమామలు ససేమిరా అన్నారు. వాన సన్నగా పడుతూనే ఉంది. తండ్రి నుదుటి మీద చందనం చుక్కలు ఒక్కొక్కటే కరిగి కణతల మీదికి జారుతున్నాయి. ఎందరి ఇళ్ళవాళ్ళనో పాడె చుట్టూ సర్ది నిలబెట్టిన పరిమళ్‌కి, ఆరోజు ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

కొలిమి తలుపు దగ్గర నుంచి అక్కడి పనివాడు లాల్టూ కేకేశాడు. "కుండు వారిది! రండి!"

మేనమామలు పాడె మీద చేతులు వేశారు.

చర్రు... చర్రు...

"ఆగండాగండి. ఫోటో కాలేదు," అంటూ హరాధన్ వచ్చాడు. కోటు తడిసి బరువుగా వేలాడుతోంది. పాడె మీది చేతులు వెనక్కి వెళ్ళాయి. అందర్నీ నిలబెట్టాడు. కెమెరా ఎత్తాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"అరె, లెన్స్!"

పరిమళ్ కళ్ళలోంచి నిప్పులు రాలాయి. రెండంగల్లో వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఇవాళ కూడానా హరాధన్‌దా? మా నాన్న దగ్గర కూడా నీ తమాషానేనా?"

హరాధన్ తలెత్తలేదు. చెయ్యి జేబులోనే ఉంది. పెదవులు కదిలీ కదలకుండా అడిగాడు.

"మీ అక్క ఎక్కడిదాకా వచ్చింది?"

పరిమళ్ పట్టు సడలింది. ఆ జనపనార వ్యాపారి చిన్నకొడుకు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల మీద పరుగెత్తుకొచ్చిన రోజు గుర్తొచ్చింది. లెన్స్ దొరికింది ఆ తర్వాతే. ఇంకో రోజు ఎవరో పట్నాయక్ గారి మనవరాలు. ఇంకో రోజు ఊతకర్రతో ఒక ముసలి స్నేహితుడు. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆఖరున వచ్చి చేరేవారు. ప్రతిసారీ అప్పుడే దొరికేది. సంచిలో అయితే చెయ్యి పెట్టగానే దొరికిపోతుంది.

"టాక్సీ ఎక్కిందట," అన్నాడు పరిమళ్.

"సరే," అన్నాడు హరాధన్, బయటికి ఒక దువ్వెన తీస్తూ. "ఇది కాదు."

మరచెంబు మూత వచ్చింది. కొవ్వొత్తి ముక్క వచ్చింది. తడిసిన విజయదశమి గ్రీటింగు కార్డు వచ్చింది. పెద్ద మేనమామ సణిగాడు, "ఎవడయ్యా వీణ్ణి పిలిచింది? ఇంకో ఫోటోగ్రాఫర్ లేడా?"

"సంఘానికి కార్యదర్శిని నేనే మామయ్యా. మొదలుపెట్టినవాడే ముగించాలి. అది నియమం," అన్నాడు పరిమళ్. అలాంటి నియమం ఏదీ లేదు.

హరాధన్ అతని చెవి దగ్గరికి వంగాడు. "జేబులు అయిపోతున్నాయిరా. ఫోన్ చెయ్యి."

పరిమళ్ ఫోన్ చేయలేదు. పుట్టి బుద్ధెరిగి ఒక్క వస్తువును తప్పుచోట పెట్టని ఆ మనిషి, తెల్లచొక్కా నీళ్ళోడుతుండగా, అందరికీ వినపడేలా, "వెనకవైపు జేబు చూశావా దాదా?" అన్నాడు.

"అవునురోయ్, వెనకది మరిచేపోయాను!"

"లోపలివైపు కూడా రెండున్నాయి," అన్నాడు లాల్టూ కొలిమి తలుపుకి ఆనుకుని, చేతులు కట్టుకుని. "తొందరేం లేదు. నెమ్మదిగా చూడు."

పరిమళ్ అతని వైపు చూశాడు. లాల్టూ ఆకాశం వైపు చూశాడు.

లోపలి రెండో జేబు జిప్పు ఇరుక్కుపోయింది. హరాధన్ దాన్ని పైకి లాగాడు, కిందికి లాగాడు, ఊదాడు. ఆ జిప్పుతో ఆయన కుస్తీ పడుతుండగా మెట్ల పైన ఒక గొడుగు కనిపించింది, ఆ గొడుగు గాలికి తిరగబడింది, దాన్నక్కడే పారేసి ఛాయ పరుగెత్తుకొచ్చింది. తండ్రి ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది. "చల్లగా ఉన్నావేం నాన్నా," అంది. చెరిగిన చందనాన్ని చీరకొంగుతో ఒత్తింది.

హరాధన్ ఛాతీ మీది జేబులోంచి లెన్స్ తీసి బిగించాడు. ఆ జేబుకి జిప్పే లేదు.

"అమ్మా, కాస్త నాన్నగారి వైపు జరుగు. ఆఁ, అలాగే. పరిమళ్, నువ్వు తల దగ్గర నిలబడు."

అప్పుడు తెలిసింది పరిమళ్‌కి ఎక్కడ నిలబడాలో.

సోమవారం వచ్చింది. కోటు గురించి ఎవరూ ఎత్తలేదు. బుధవారం వరసలో వెనకున్న ఒకాయన వచ్చి, ఆ ముసలాయన మరీ ఆలస్యం చేస్తున్నాడని మొరపెట్టుకుంటే, పరిమళ్ ఆయనకు టీ తాగించి, "లెన్స్ చాలా చిన్నదండీ," అన్నాడు.

చలికాలం మధ్యలో హరాధన్ ఊపిరితిత్తులు మొరాయించాయి. పరిమళ్ చూడబోయేసరికి ఆసుపత్రి మంచం మీద కోటు లేకుండా పడుకుని ఉన్నాడు. ఆ కోటు లోపల ఇంత చిన్న మనిషి ఉన్నాడా అనిపించింది. ఆసుపత్రి దుప్పటి మీద ఆయన చేతులు అలవాటు కొద్దీ జేబుల కోసం తడుముతున్నాయి. పరిమళ్ ఆ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి పల్చటి ఎండ వచ్చి ఇద్దరి చేతుల మీదా పడింది. కాసేపటికి హరాధన్ కళ్ళు తెరిచాడు.

"నా ఫోటో నువ్వే తియ్యాలిరా," అన్నాడు. "సంచితో మాత్రం రాకు. మీ వదినకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు మెల్లగా దిగుతుంది."