తాత బొమ్మకు తువ్వాలు ముక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ. ఆ ఆదివారం వచ్చిన కోపం మాత్రం ముక్కు మీద ఆగలేదు, అరికాలి మంట నెత్తికెక్కింది. మా అత్తమ్మ, మా ఆడబిడ్డ కలిసి నా కూతురు చేసుకున్న మట్టిబొమ్మను తీసుకుపోయి కాలువలో పారేశారు.

బొమ్మ సంగతి చెప్పాలంటే ముందు సినిమాల సంగతి చెప్పాలి. మా మామ బనగానపల్లెలో మామిడికాయల వ్యాపారం చేసేవాడు. ఆదివారం మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఎనిమిదేళ్ల మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని టీవీలో బొమ్మల సినిమాలు చూసేవాడు. మామూలు కార్టూన్లు కావు. మట్టితో, గుడ్డతో బొమ్మలు చేసి, చేత్తో పిసరంత కదిలించి ఒక ఫోటో, ఇంకో పిసరు కదిలించి ఇంకో ఫోటో తీసి, అన్నిటినీ వరసగా తిప్పితే బొమ్మలు నడుస్తాయే, ఆ సినిమాలు. వాటిల్లో అన్నీ వంకర ఇళ్లు, గుంటకళ్ల మనుషులు, శ్మశానాలు. ఒకదాంట్లో చచ్చిపోయిన దర్జీ ఎలుక శవపెట్టె మూత తీసి లేచి కూర్చుని, తనను మోసుకుపోయే ఎలుకల చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టుకుంటూ పోతుంది. తాతా మనవరాలూ ఒకరి మీద ఒకరు పడి నవ్వేవాళ్లు. నేనూ అంట్లు వదిలేసి వచ్చి కూర్చునేదాన్ని.

"ఆ మొగం సూడు పాపా, ఏలిముద్ర కనపడతాండాది. ఎవురో కూచ్చోని ఓపిగ్గా తోసిండారు దాన్ని," అనేవాడు మామ. ఆయనకు అన్నిటికంటే ఆ వేలిముద్రలే ఇష్టం.

మా ఆడబిడ్డకు ఆ సినిమాలంటే గిట్టదు. బద్వేలు నుంచి వచ్చినప్పుడల్లా "బిడ్డకు సావులూ పీనుగలూ చూపిస్తాండారు, రేపు జడుసుకుంటే ఎవురు సూస్తారు?" అని టీవీ కట్టేసేది. జడుసుకున్నది ఎవరు? నా కూతురు మాత్రం కాదు. ఆ సినిమాలు పిల్లలతో అబద్ధమాడవు. చచ్చినవాళ్లు చచ్చారనే చెప్తాయి, చెప్తూ నవ్విస్తాయి. పిల్లలు పెద్దవాళ్ల పక్కన ఒదిగి కూర్చుని భయపడినంత సేపు భయపడి, లేచి పోయి ఆడుకుంటారు. అంతకంటే ఏం కావాలి?

అబద్ధమాడింది మేము. ఎండాకాలంలో, కాయల సీజన్ నడుమ, మామ పోయాడు. తెల్లారగానే పిల్లను కారెక్కించి బద్వేలు పంపించాం. పంపింది నేనే, ఇంకొకరి మీద నెట్టను. తాతను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయామని చెప్పాను. దినాలయ్యాక పిల్ల తిరిగొచ్చింది. తాత గదిలో తాత ఫోటో, దానికి గంధపు దండ, ముందు దీపం. అయినా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి మాటే. ఏం తెలివో మాది! పిల్ల ఆ ఫోటో వైపు ఒకసారి చూసింది, ఏమీ అడగలేదు. రెండు రోజుల తర్వాత నా పాత ఫోను అడిగి తీసుకుంది.

చేలో నుంచి నల్లరేగడి మన్ను తెప్పించుకుని బొమ్మ చేసింది. తాత దువ్వెనలో చిక్కుకున్న తెల్ల వెంట్రుకలు దాని నెత్తికి అతికించింది. చేతులు ఊడకుండా గుండుసూదులు గుచ్చింది. తాత తువ్వాలు అంచు కత్తిరించి భుజాన వేసింది. బడి నుంచి రావడం, గది తలుపేసుకుని ఫోటోలు తీయడం. ఎవరి బొమ్మ అని నేను అడగలేదు. అడిగితే నేనే జవాబు చెప్పాల్సి వస్తుందని నాకు తెలుసు.

మామకు మూడో నెల మాసికం పెట్టే ఆదివారం ఆడబిడ్డ వచ్చింది. పిల్ల పక్కింట్లో ఆడుకుంటోంది, నేను తలకు పోసుకుంటున్నాను. ఆడబిడ్డ ఇల్లు ఊడుస్తూ పిల్ల మంచం కింద చీపురు పెట్టింది. అంతే, కేక.

"అమా! చేతబడి! నాయన ఎంటికలు, నాయన తువ్వాలు! సూదులు గుచ్చిండారు సూడు, వాళ్ల పాసుగూల!"

ఆ తువ్వాలును అత్తమ్మ దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. అంచు కోసుకుపోయింది ఎవరని రెండు నెలలుగా ఊరందరినీ తిడుతోంది. ఇంకేం, నమ్మేసింది. నేను బయటికొచ్చేసరికి చాటలో బొమ్మ, నిమ్మకాయ, కుంకం పెట్టుకుని పోవడమూ, కాలువలో వేసి కాళ్లు కడుక్కుని రావడమూ అయిపోయాయి.

"అది చేతబడీ కాదు, గీతబడీ కాదు!" అని అరిచాను. "పాప చేసుకున్న తాత బొమ్మ!"

అత్తమ్మ మొహం పాలిపోయింది. ఆడబిడ్డ మాత్రం తగ్గలేదు. "అయితే మాత్రం? సచ్చిపోయినోళ్ల బొమ్మ ఇంట్లో పెట్టుకుంటారామే? అరిష్టం."

అన్నది ఎవరు? ఆ వెంటనే మామ గదిలో ఆకు వేసి వడలు, ఓళిగలు, పాయసం వడ్డించి, మామ వచ్చి తినిపోతాడని తలుపు మూసి వచ్చిన మనిషి! ఆయన స్వయంగా వచ్చి వడలు తింటే అరిష్టం కాదట, గుప్పెడు మన్నులో కనిపిస్తే అరిష్టమట. నాకు ఒళ్లు మండిపోతోంది. ముగ్గురం హాల్లో ఆ మూసిన తలుపు ముందు కూర్చున్నాం.

పిల్ల వచ్చింది. లోపలికి పోయి మంచం కింద వెతుక్కుని బయటికి వచ్చింది.

"ఈడ ఎందుకు కూచ్చున్నారు?"

"సప్పుడు చేయగాకు పాపా. లోపల మీ తాత తింటాండాడు," అంది ఆడబిడ్డ.

"ఆసుపత్రి నుంచి ఎప్పుడొచ్చినాడు?"

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "తాత సచ్చిపోయినాడు పాపా, ఎండాకాలంలోనే. నేనే నీకు అబద్ధం చెప్పినా," అన్నాను.

"నాకు తెలుసు," అంది పిల్ల. "నా బొమ్మ యాడ?"

చెప్పాను. పిల్ల ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. నేను ఫోను తెచ్చి అత్తమ్మ మొహం ముందు పెట్టి, పిల్ల ఆ ఫోటోలతో చేసుకున్న సినిమా తిప్పాను. చూడండి మీరు ఏం పారేశారో అన్నాను. నిమిషం కూడా లేదది. అగ్గిపెట్టెల గంపల నడుమ నల్లమట్టి మామ ఎడమకాలు కాస్త ఈడుస్తూ నడుస్తున్నాడు. కాయ తీసుకుని తొడిమ దగ్గర వాసన చూసి, పక్కనున్న చిన్న బొమ్మ నెత్తిన మొట్టాడు. బుగ్గ మీద పిల్ల వేలిముద్ర కనపడుతోంది. అంతటితో ఆగిపోయింది.

"ఇంగోసారి పెట్టు," అంది అత్తమ్మ. పెట్టాను. మళ్లీ పెట్టమంది. నాలుగోసారి చూశాక పిల్లను అడిగింది, "కడాకు ఏమయితాది?"

"తాతను ఎత్తుకోని పోతాంటారు జేజీ. ఈది మలుపు కాడ తాత లేసి కూచ్చోని, ఎనక్కి తిరిగి చెయ్యి ఊపుతాడు. ఆ పొద్దు నేను ల్యాను కదా, అందుకని."

మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి పోరు. ఆ రోజు అత్తమ్మను నలుగురు పట్టుకుని లోపలే కూర్చోబెట్టారు. పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

"నన్నూ గడప దాటనీల్యా పాపా," అంది అత్తమ్మ. "నాక్కూడా ఊపుతాడా?"

"ఊపుతాడు. కానీ బొమ్మను కాలవలో ఏస్తిరి కదా."

అత్తమ్మ లేచి మంచం దగ్గరికి పోయింది. దిండు కింద నుంచి తువ్వాలు తీసి, అంచు పళ్లతో పట్టి చర్రున చింపింది. "అమా!" అని ఆడబిడ్డ అరిచింది.

"నువ్వు గమ్మునుండు," అని, ఆ ముక్కను పిల్ల చేతిలో పెట్టి అత్తమ్మ నా వైపు తిరిగింది. "ఏందిమే అట్ల సూస్తాండావు? పోయి మన్ను తేపో."