మా బావ తెచ్చిన డిపాజిట్లు

మొన్న చిలకలగూడ నుంచి వస్తూ చూస్తే, మా అక్క భర్త ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన విదేశీ బ్యాంకు శాఖ ఉన్నచోట పరుపుల దుకాణం తెరిచారు. బావ టేబుల్ ఉండే మూలలో ఒక పరుపు నిలబెట్టి తగ్గింపు ధర కాగితం అంటించారు.

ఇంజనీరింగ్ అయిన కొత్తలో అదే బ్యాంకు సాంకేతిక విభాగంలో నాకూ ఉద్యోగం వచ్చింది. నాలుగు విషయాలు తెలిశాయన్న ఉత్సాహంలో, ఒక ఆదివారం భోజనాలయ్యాక, బ్యాంకు ఎలా సంపాదిస్తుందో బావకు వరసపెట్టి చెప్పాను: తక్కువ వడ్డీకి తీసుకున్న డబ్బును ఎక్కువ వడ్డీకి అప్పివ్వడం, కంపెనీలకు డాలర్లు మార్చి మధ్యలో కొంత ఉంచుకోవడం, ఎగుమతి సరుకు సొమ్ముకు హామీ ఉండి రుసుము తీసుకోవడం, కార్డు గీకిన ప్రతిసారీ దుకాణదారు నుంచి పిసరంత రాబట్టడం. ఆయన సోంపు నములుతూ అంతా విన్నారు.

"మొదటి దాంట్ల ఉన్నది మేమే బామ్మర్దీ. మేం పైసలు తేకుంటే వాళ్లేం అప్పిస్తరు?"

తేవడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. సైనిక్‌పురిలో రిటైరైన సైనికోద్యోగుల ఇళ్లకు వెళ్లినా డిపాజిట్ మాట తానుగా ఎత్తేవారు కాదు. ఒకరి పెన్షన్ చిక్కో, మరొకరి గ్యాస్ కనెక్షన్ గొడవో తీర్చి, టీ తాగి వచ్చేసేవారు, కొన్నాళ్లకు వాళ్లే పిలిచి చెక్కు ఇచ్చేవారు.

ఆ రోజుల్లోనే ఒక సహకార బ్యాంకు ఆయన్ను మేనేజరుగా రమ్మంది. జీతం తక్కువే గానీ రిటైరయ్యేదాకా ఢోకా లేని కొలువు. అక్క వెళ్లమని పోరింది.

"ఇంతమందిని తెచ్చినోణ్ణి, నన్నెట్ల ఇడుస్తరు? నా మొకం జూసి ఏసిన్రు వాళ్లు పైసలు," అన్నారు బావ.

"నీ మొకం జూసింది సైనిక్‌పురోళ్లు. ఆడెక్కడో విదేశంల కూసున్నోళ్లు జూసిన్రా?" అంది అక్క.

బావ వెళ్లలేదు.

కొంతకాలానికి, నేను వేరే ఉద్యోగానికి మారాక, ఆ విదేశంలో కూర్చున్నవాళ్లు లెక్క చూసుకున్నారు. కంపెనీల వ్యాపారానికి కొద్దిమంది మనుషులూ ఒక అంతస్తూ చాలు; మామూలు ఖాతాదారులకైతే శాఖలు, అద్దెలు, సిబ్బంది కావాలి. కాబట్టి మొదటిది ఉంచుకుని, రెండోదాన్ని ఇక్కడి బ్యాంకు ఒకదానికి అమ్మేశారు. కొన్న బ్యాంకుకు రోడ్డుకు అవతల శాఖ ఉండనే ఉంది. అది ఖాతాలను తీసుకుంది, సిబ్బందిలో చిన్నవాళ్లను తీసుకుంది. యాభై దాటిన బావకు కొంత సొమ్ము ఇచ్చి, మెడలో దండ వేసి పంపించారు. సహకార బ్యాంకులో ఆ కుర్చీ అప్పటికే నిండిపోయింది.

ఆ తర్వాత కూడా పెద్దవాళ్లు కంగారుపడి ఆయనకే ఫోన్ చేసేవారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, ఒక్కొక్కరినీ చేయి పట్టుకుని రోడ్డు దాటించి కొత్త బ్యాంకులో కూర్చోబెట్టేవారు. ఒకనాడు నేనూ తోడు వెళ్లాను. ఒక ముసలి సుబేదారు గారు లోపలంతా కలయజూసి, మీ సీటేదని ఆయన్ను అడిగారు.

"నాది లేదు సార్. మీ పైసలు మాత్రం భద్రం."

ఆ డిపాజిట్ల మీద వడ్డీ తేడా ఇప్పటికీ ఎవరికో అందుతూనే ఉంటుంది. నా ఖాతా కూడా ఆ కొత్త బ్యాంకులోనే ఉంది, పనులన్నీ ఫోన్‌లో క్షణాల్లో అయిపోతున్నాయి, తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఇన్నేళ్లలో ఆ బ్యాంకులో పనిచేసే ఒక్క మనిషి పేరైనా నాకు తెలియదు, నా పేరు తెలిసినవాళ్లూ అక్కడ లేరు.